మజిలీలో తేలే తోడు

హైదరాబాదు నుంచి నాగపూర్ పోయే పాత బాట మీద మేడ్చల్ ఉంది. పల్లకీలతో, సామాను బరువుతో సికింద్రాబాదు విడిచిన బృందానికి అది దాదాపు ఒక రోజు నడక. ఇప్పుడు 44వ నంబరు జాతీయ రహదారి అటే పోతోంది. 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కడప, శ్రీశైలం, హైదరాబాదు చూసుకుని ఈ నాగపూర్ దారినే కాశీకి వెళ్లాడు. వెంట సుమారు 100 మంది. తిరిగి ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబరు వచ్చింది. ఆయన రాసిన జాబులు 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. వీడియో గేముల్లో తోడుగా వచ్చే పాత్రల గురించి ఆలోచించేవారు ఈ పుస్తకం చదవాలని నా అభిప్రాయం. ఆ పాత్రలను మనం యుద్ధబలంగానే లెక్కగడుతున్నాం: ఒకడు కత్తి, ఒకడు మంత్రం, ఒకరు వైద్యం. కానీ తోడు అవసరం పుట్టింది దారిలో, అది పరీక్షకు నిలిచేది మజిలీలో.

మజిలీకి నీళ్లు కావాలి, నీడ కావాలి, బియ్యం దొరికే అంగడి కావాలి. హైదరాబాదు నుంచి కరీంనగర్ పోయే దారిలోని శామీర్‌పేట చెరువు లాంటి జలాశయం బాటసారికి ఎంత విలువైనదో చెప్పక్కర్లేదు. పల్లకీ మోసే బోయీలు, వంటవాళ్లు, కాపలావాళ్లు ఎవరి పని వారిది. ఒక్కరు పడకేసినా మర్నాటి నడక ఆగుతుంది. ఆటల్లోనూ అంతే. 2023లో వచ్చిన ‘బాల్డర్స్ గేట్ 3’ అనే వీడియో గేములో రాత్రి విడిది చేసి పూర్తిగా తేరుకోవాలంటే మామూలు కష్టస్థాయిలో 40 పాళ్ల తిండి సరుకు ఖర్చవుతుంది. తోటివాళ్లు మనసు విప్పేది కూడా ఎక్కువగా ఆ విడిదిలోనే. దెబ్బలు పూర్తిగా మానేదీ, మంత్రశక్తి పూర్తిగా తిరిగి నిండేదీ అక్కడే.

ఈ ఆటల వంశం వేరు కదా అనవచ్చు. నిజమే, అవి 1974 నాటి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే బల్లమీది ఆట సంతతి. మన యాత్రల నుంచి పుట్టాయని నేననను. ఒకే అవసరం రెండు చోట్ల ఒకే ఏర్పాటు చేయించిందంటాను. దానికి సాక్ష్యం మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన ‘కాశీమజిలీ కథలు’. కాశీకి పోయే మణిసిద్ధుడికి తోడుగా పశువుల కాపరి కుర్రాడు వస్తాడు, ఊరికే కాదు, షరతు పెట్టి: ప్రతి మజిలీలో తాను చూసిన వింత గురించి అడిగితే కథ చెప్పాలి. ఆటల భాషలో చెప్పాలంటే అది కచ్చితమైన నియమం. కథ ఆగితే తోడు పోతుంది. పన్నెండు భాగాల పుస్తకాన్ని ఆ ఒక్క షరతే నడిపించింది.

ఇంతకంటే బరువైన ఆక్షేపణ ఇంకొకటి. వీరాస్వామయ్య వెంట నడిచినవారిలో చాలామంది జీతగాళ్లు, వారిని స్నేహితుల జట్టు అనడం అన్యాయం. ఒప్పుకుంటాను. బోయీ భుజం నొప్పినీ యజమాని అలసటనూ ఒకే తక్కెడలో తూచలేం. కాకపోతే ఆటలోనూ పెత్తనం ఆడేవాడిదే. మిగతావారికి ఉన్న బలం అలగడం, విడిచిపోవడం. 1998 నాటి మొదటి ‘బాల్డర్స్ గేట్’లో నాయకుడి పేరుప్రతిష్ఠలు తమ స్వభావానికి పడకపోతే కొందరు జట్టు వదిలేవారు. కాపరి కుర్రాడి చేతిలో ఉన్నదీ ఆ హక్కే. ఇక తోడును ఎంచుకునేవాడి వైపు నుంచి చూద్దాం. వీరాస్వామయ్య కాలంలోనే ఉత్తరాది బాటల మీద థగ్గులనే దోపిడీ ముఠాలవాళ్లు బాటసారులతో స్నేహం కలిపి, కొన్నాళ్లు కలిసి నడిచి, అదను చూసి గొంతు బిగించేవారు. అలాంటి రోజుల్లో ఎవరిని వెంట రానివ్వాలో తేల్చుకోవడం ప్రాణంతో ముడిపడిన పని. అందుకే 100 మందిని ఇంటి దగ్గరే కూర్చుకుని బయలుదేరినవాడి జాగ్రత్త నాకు ఆడంబరంగా తోచదు.