జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో సీడీ సేకరణ: ధారావాహికలు, కార్టూన్ల గృహభాండారాలు

తెలుగు టెలివిజన్ చరిత్రను ప్రసార సంస్థల వైపు నుంచి చెప్పడం పరిపాటి. 1977 అక్టోబరు 23న హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలుకావడం, 1995లో జెమిని, ఈటీవీ రావడం, 2002లో మా టీవీ చేరడం ఆ కథనంలోని ప్రధాన ఘట్టాలు. ప్రేక్షకులు తాము చూసినవాటిలో వేటిని దాచుకున్నారు, ఏ రూపంలో దాచుకున్నారు, ఎందుకు దాచుకున్నారు అన్న ప్రశ్నలకు అందులో చోటు తక్కువ. పూర్వపు కరీంనగర్ జిల్లాకు చెందిన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలు ఈ ప్రశ్నలను పరిశీలించడానికి తగిన క్షేత్రాలు. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో మొదటి రెండు జగిత్యాల జిల్లాలోకి, మూడవది రాజన్న సిరిసిల్ల జిల్లాలోకి వచ్చాయి. పాలనాపరమైన ఈ విభజన కన్నా మూడింటినీ కలిపే వృత్తిజీవితమే ఇక్కడ ముఖ్యం. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల పురుషులు గల్ఫ్ దేశాలకు వలస వెళ్లారు. సిరిసిల్ల మరమగ్గాలు పగలు, రాత్రి రెండు పూటలూ నడిచాయి. అక్కడి పద్మశాలీల్లో ఎందరో భివండీ, ముంబయి మగ్గాలకు తరలిపోయారు. మూడు చోట్లా స్త్రీలకు బీడీలు చుట్టడం ఇంటిపట్టున దొరికిన పని. ప్రసారం గడియారాన్ని అనుసరిస్తుంది. ఈ జనంలో పెద్ద భాగానికి ఆ గడియారంతో పొత్తు కుదరలేదు. ఇక్కడ సీడీ సేకరణ అభిరుచిగా మారకముందు తప్పిపోయిన సమయాన్ని తిరిగి తెచ్చుకునే సాధనంగా ఉన్నదని, నేడు అది తెలుగు పరిశోధనకు ఆధారంగా నిలవగలదని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సీడీకి ముందు వీడియో క్యాసెట్టు ఉంది. ఈ ప్రాంతంలో గల్ఫులోని ఏ దేశానికి వెళ్లినా ‘దుబాయి పోయిండు’ అనడమే వాడుక. అలా వెళ్లినవారు సెలవుపై వచ్చేటప్పుడు తెచ్చిన వస్తువులలో టేప్ రికార్డరు, వి.సి.ఆర్. ముందువరుసలో ఉండేవి. వలస కుటుంబపు హోదాకు అవి గుర్తులు కూడా. 1987 జనవరి 25 నుంచి 1988 జులై 31 వరకు దూరదర్శన్ ప్రసారం చేసిన ‘రామాయణ్’, 1988 అక్టోబరు 2 నుంచి 1990 జూన్ 24 వరకు వచ్చిన ‘మహాభారత్’ ఆదివారం ఉదయాలను ఏ విధంగా ఆక్రమించాయో అనేకులు రాశారు. ఆ ఆదివారం శుక్రవారం సెలవుగా గల గల్ఫులో పనిదినమని మాత్రం గుర్తుచేసినవారు అరుదు. జగిత్యాలలోని ఇల్లు రామాయణం చూస్తున్న గంటలో ఆ ఇంటి యజమాని దుబాయిలో పనిమీద ఉండేవాడు. ఒకే ధారావాహికను ఒకే కుటుంబం రెండు చోట్ల, రెండు వేళల్లో చూడాలంటే దానికి చేతికందే వస్తురూపం అవసరమయింది.

ఆ వస్తువును చౌకగా, తేలికగా మార్చింది వీసీడీ. దాని ప్రమాణాలు 1993లో ఖరారయ్యాయి. బొమ్మ నాణ్యత వీడియో క్యాసెట్టుకు దగ్గరగానే ఉంటుంది; భారతదేశంలో వాడే పాల్ పద్ధతిలో 352 అడ్డు, 288 నిలువు బిందువులు మాత్రమే. పాశ్చాత్య దేశాలలో ఇది నిలదొక్కుకోలేదు. ఆసియాలో మాత్రం ప్లేయరు చౌక కావడం, తేమకు టేపువలె బూజు పట్టకపోవడం, డీవీడీలకు ఉన్న ప్రాంతీయ సంకేతాల అడ్డంకి లేకపోవడం దీనికి కలిసివచ్చాయి. చివరి కారణం వలస కుటుంబాలకు మరీ ముఖ్యం. దుబాయిలో కొన్న సీడీ కోరుట్లలో ఆడేది, కోరుట్లలో చేయించిన పెళ్లి సీడీ మస్కట్‌లో ఆడేది. పెళ్లి వీడియోలు తీసే స్టూడియోలే పాత క్యాసెట్లను సీడీలకు ఎక్కించే కేంద్రాలు కావడం సహజ పరిణామం. తెలుగు టెలివిజన్ కార్యక్రమం సీడీగా మారిన దారి ఒక విధంగా పెళ్లిపందిరి నుంచి సాగింది.

ఒక వీసీడీలో పట్టేది సుమారు 74 నిమిషాలు. ఈ కొలత సేకరణ స్వరూపాన్నే శాసించింది. రెండున్నర గంటల తెలుగు సినిమాకు రెండు, లేదా మూడు సీడీలు కావాలి. మొదటి సీడీ సరిగ్గా విశ్రాంతి దగ్గర ముగిస్తే అది అదృష్టమే! అరగంట ధారావాహికలో ప్రకటనలు తీసివేస్తే మిగిలేది దాదాపు 22 నిమిషాలు కనుక ఒక సీడీకి మూడు భాగాలు. జెమినిలో 2001 నుంచి 2007 వరకు వచ్చిన ‘అమృతం’ 313 భాగాలను ఈ లెక్కన దాచుకోవాలంటే నూరుకు పైగా సీడీలు అవసరం. సుమారు 35 నిమిషాల చొప్పున 78 భాగాలు గల ‘రామాయణ్’ కు 39 చాలు. ఇంటి అలమరకు ఒక హద్దు ఉంటుంది. అందుచేత పురాణ ధారావాహికను పూర్తిగా, హాస్య ధారావాహికను ఏరుకున్న భాగాలుగా దాచుకోవడం సులువైన పద్ధతి. మంజులా నాయుడు దర్శకత్వంలో దూరదర్శన్‌లో వచ్చిన ‘ఋతురాగాలు’ వంటి దైనిక ధారావాహికలకు సీడీ చాలలేదు. రోజూ వచ్చేదాన్ని ఎవరు మాత్రం దాచగలరు? తెలుగు ధారావాహిక రచనలో పరిమాణరీత్యా పెద్దదైన ఈ భాగం గృహభాండారాలలో తక్కువగా ఉండడానికి కారణం అనాదరణ కాదు, ఈ గణితమే.

ధర విషయాన్ని క్లుప్తంగా చెప్పవచ్చు. చాలాకాలం అధికారిక సీడీ ఖరీదైనది, నకలు చౌకైనది. కాపీరైటు చట్టంలో 1984లో చేర్చిన 52ఎ సెక్షను ప్రకారం వీడియో ప్రతిపై నిర్మాత పేరు, చిరునామా, సెన్సారు పత్రం నకలు ఉండాలి. సంతలోని సీడీ కవరుపై ఇవి కనిపించకపోవడమే అది నకలని తెలిపే తొలి సూచన. మోజర్ బేయర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు విడుదల చేసి తెలుగు సినిమాలను కూడా ఆ ధరకు అందించినప్పుడు అద్దెకు తెచ్చుకునే వస్తువు కొనుక్కునే వస్తువయింది. టెలివిజన్ కార్యక్రమాల మీద ఈ మార్పు ప్రభావం పరిమితం. సినిమాకు హక్కుదారు, పంపిణీదారు ఉన్నారు. ధారావాహికను సీడీగా అమ్మాలన్న ఆలోచన తెలుగు ఛానళ్లకు అంతగా కలగలేదు. కాబట్టి ఇంట్లో తెలుగు ధారావాహిక సీడీ కనబడితే, అది ఎవరో శ్రమపడి ప్రసారం నుంచి పట్టుకున్నదయ్యే అవకాశమే ఎక్కువ.

కార్టూన్ల విషయంలో భాషాప్రశ్న ముందుకు వస్తుంది. 1995లో కార్టూన్ నెట్‌వర్క్ భారతదేశంలో అడుగుపెట్టినప్పుడు దాని భాష ఇంగ్లీషు. అంతకుముందు దూరదర్శన్ ఇచ్చిన ‘జంగల్ బుక్’ జపాన్‌లో తయారై హిందీలో మాట్లాడింది. కోస్తా జిల్లాల పిల్లలకు ఆ హిందీ ఎంత దూరమో ఈ మూడు పట్టణాల పిల్లలకు అంత దూరం కాదు. నిజాం రాజ్యంలో ఉర్దూ రాజభాష కావడం, కోరుట్ల వంటి పట్టణాలలో ఉర్దూ నేటికీ వీధిభాషగా ఉండడం, భివండీ నుంచి, గల్ఫు నుంచి వచ్చే బంధువుల మాటలో హిందీ కలవడం ఇందుకు కారణాలు. అయినా ఏ భాషా అడ్డంకీ లేని కార్టూను ‘టామ్ అండ్ జెర్రీ’. 1940–1958 మధ్య హన్నా, బార్బెరా తీసిన 114 లఘుచిత్రాలలో సంభాషణ దాదాపు శూన్యం. భారమంతా స్కాట్ బ్రాడ్లీ సంగీతం మోసింది. ఒక్కొక్కటి ఏడెనిమిది నిమిషాలే కనుక 74 నిమిషాల సీడీలో తొమ్మిది పడతాయి. తెలుగులోకి అనువదించవలసిన అవసరమే లేని ఈ అమెరికన్ చిత్రాలు తెలంగాణ పట్టణపు సంతలో సులువుగా అమ్ముడుపోయే సరుకు కావడంలో వింత లేదు.

తరువాతి దశలో తెలుగు అనువాద కార్టూన్లు వచ్చాయి. సన్ సంస్థ 2009లో ఖుషి టీవీని ప్రారంభించింది. అంతకు ముందటి ఏడు హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ సంస్థ సృష్టించిన ‘ఛోటా భీమ్’ పోగో ఛానల్లో మొదలైంది. తెలుగు నగరంలో పుట్టిన ఈ బాలుడు తొలుత హిందీలో మాట్లాడి, అటుపై అనువాదంగా తెలుగుకు రావడం మన బాలల మాధ్యమాల స్థితికి అద్దంపడుతుంది. ఇక ఆ అనువాదపు తెలుగులో ‘వస్తున్నాను’ ఉంది, జగిత్యాల పిల్లవాడి ‘అస్తున్న’ లేదు. ఒకే సీడీని పదేపదే చూసిన పిల్లల నోట ఈ రెండు రూపాలు ఎలా సర్దుకున్నాయన్నది మాండలిక పరిశోధకులు ఇంకా పట్టించుకోవలసిన విషయం. ఒకసారి చూసి మరచిపోయే ప్రసారానికీ, పాఠంగా వల్లెవేసే సీడీకీ ఈ విషయంలో తేడా ఉంటుంది.

ఇంట్లో రాసుకున్న సీడీకి ఆధారంగా గల విలువ అందులోని కార్యక్రమానికే పరిమితం కాదు. కర్మాగారంలో అచ్చయిన సీడీ అడుగుభాగం వెండి రంగులో ఉంటుంది. కంప్యూటరుపై రాసినది పచ్చగానో నీలంగానో కనిపిస్తుంది. పరిశోధకునికి రెండవదే విలువైనది. మూలన ఉన్న ఛానల్ చిహ్నం రికార్డు చేసిన కాలాన్ని సుమారుగా నిర్ణయిస్తుంది. కత్తిరించడం మరచిన ప్రకటన ఆ కాలాన్ని ఇంకా బిగిస్తుంది. కేబుల్ నిర్వాహకుడు సినిమా కింద నడిపిన అక్షరాల ప్రకటన వీటన్నిటికన్నా ఉపయుక్తం. పట్టణంలోని బట్టల దుకాణం, ట్యూషన్ సెంటరు, గల్ఫు వీసాల ఏజెంటు, ఆసుపత్రి, జన్మదిన శుభాకాంక్షలు అందులో పక్కపక్కన ప్రవహిస్తాయి. ఆ లిపిలోని తప్పొప్పులు, ఇంగ్లీషు మాటలను తెలుగులో రాసిన తీరు, చిరునామాల్లో వాడిన స్థానిక నామాలు పట్టణ తెలుగుకు అచ్చమైన దాఖలాలు. పత్రికల జిల్లా పుటలలో కూడా ఈ స్థాయి తెలుగు దొరకదు. సేకరించినవాడు దానిని దాచాలనుకోలేదు. అసలు అది తెరమీద ఉన్నందుకు విసుక్కొనే ఉంటాడు.

అదే అలమరలో ఒగ్గుకథల సీడీలూ ఉంటాయి. వేములవాడ సమీపంలోని హన్మాజీపేట సి. నారాయణరెడ్డికే కాక ఒగ్గుకథకుడు మిద్దె రాములుకు కూడా స్వగ్రామం. రాత్రంతా సాగే మల్లన్న కథ, ఎల్లమ్మ కథ 74 నిమిషాల ఖండాలుగా తెగినప్పుడు ఏ ఘట్టాలు నిలిచాయి, ఏ వంతపాటలు కుదించుకుపోయాయి అన్నది ప్రదర్శనకళల పరిశోధనకు చెందిన వేరు అంశం. ఇక్కడ గమనించవలసింది ఇంతే: ఇంటివారు ధారావాహికకూ, కార్టూనుకూ, ఒగ్గుకథకూ వేర్వేరు అరలు పెట్టుకోలేదు. అన్నీ ‘సీడీలే’.

ప్రసార సంస్థలు విడిచిన దానిని వ్యక్తులు నిలిపిన ఉదాహరణలు ప్రపంచంలో లేకపోలేదు. బీబీసీ తన టేపులను చెరిపి తిరిగి వాడుకోవడంవల్ల ‘డాక్టర్ హూ’ 1960ల భాగాలు ఎన్నో పోయాయి. వాటిలో తొమ్మిది నైజీరియాలోని ఒక ప్రసార కేంద్రంలో దొరికినట్లు 2013లో ప్రకటించారు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మారియన్ స్టోక్స్ అనే మహిళ 2012లో మరణించేవరకు దశాబ్దాలపాటు వార్తాప్రసారాలను దాదాపు 70,000 టేపులపై నింపింది. వాటిని నేడు ఇంటర్నెట్ ఆర్కైవ్ భద్రపరుస్తున్నది. జగిత్యాల ఇంటి అలమరకు ఈ సంకల్పం లేదు. అయితే సంకల్పం లేకపోవడమే దానిలోని వైవిధ్యానికి మూలం.

రాసిన సీడీలో సమాచారాన్ని మోసేది ఒక రంగు పొర. వేడి, వెలుతురు దానిని పాడుచేస్తాయి. ఉత్తర తెలంగాణ వేసవి 45 డిగ్రీలు దాటుతుంది. రేకుల ఇంట్లో, టీవీ పైన పెట్టిన సీడీ పడే బాధ అంతకంటే ఎక్కువ. పేరు రాయడానికి వాడిన గట్టి మొన పెన్ను, అంటించిన కాగితం పై పొరను దెబ్బతీస్తాయి. సీడీ బాగున్నా ఆడించే యంత్రం దొరకడం లేదు; కొత్త లాప్‌టాపులలో సీడీ అర మాయమయింది. వీసీడీలోని దృశ్యం ‘ఎంపెగావ్’ అనే ఫోల్డరులో ‘డాట్’ ఫైళ్లుగా ఉంటుంది. గీతలు పడని సీడీనుంచి వాటిని నేరుగా నకలు తీసుకోవచ్చు. పని కష్టమయినది కాదు, గడువే తక్కువ.

సీడీ స్థానాన్ని యూట్యూబ్ ఆక్రమించింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 2012లో మొదలైన ‘మై విలేజ్ షో’ ఈ ప్రాంతపు మాటను, గంగవ్వ వంటి వ్యక్తిని గల్ఫులోని కూలీ ఫోనుదాకా తీసుకుపోయింది. ఇప్పుడు ఇంటివారికీ, దుబాయిలోని మనిషికీ వేళల తేడా అడ్డు కాదు. 1992నాటి భారత–జపాన్ కార్టూన్ చిత్రం ‘రామాయణ: ద లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ 2025 జనవరిలో తెలుగు మాటలతో థియేటర్లకు వచ్చింది, దాని పాత హిందీ ప్రతిలో రామునికి గొంతు ఇచ్చినవాడు ‘రామాయణ్’ ధారావాహికలో రాముడైన అరుణ్ గోవిల్. ‘అమృతం’ కూడా యూట్యూబ్‌లో లభిస్తున్నది. ఇటువంటి ప్రసిద్ధ కార్యక్రమాల కోసం పాత సీడీలను వెదకవలసిన పని లేదు. 2003లోనో 2005లోనో కోరుట్ల కేబుల్‌పై ఒక సినిమా కింద నడిచిన అక్షరాల వరుస మాత్రం ఏ సంస్థ భాండారంలోనూ ఉండదు; ఉంటే, ఎవరి ఇంట్లోనో పచ్చని అడుగుభాగం గల సీడీలో ఉంటుంది.