ఆండీస్ ఎడారిలో మంచు కొండ

చిలీ, అర్జెంటీనా దేశాల సరిహద్దు మీద, భూమధ్యరేఖకు దక్షిణాన 27వ అక్షాంశం దగ్గర నెవాడో ట్రెస్ క్రూసెస్ అనే అగ్నిపర్వతాల వరుస ఉంది. దాని దక్షిణ శిఖరం ఎత్తు 6,748 మీటర్లు. 2015 మార్చిలో నెల్లూరు జిల్లా గాంధీజనసంగం గ్రామానికి చెందిన పర్వతారోహకుడు మల్లి మస్తాన్ బాబు ప్రాణాలు విడిచింది ఈ కొండ మీదే. అంతకు ముందు తెలుగునాట దీని పేరు విన్నవారు అరుదు.

హిమాలయాల్లో ఇంత ఎత్తున లోయల్లోకి దిగే భారీ హిమానీనదాలు ఉంటాయి. ఇక్కడ కనిపించేవి చిన్న చిన్న మంచు పలకలే. పక్కనే అటకామా ఎడారి ఉండటంతో గాలిలో తేమ నామమాత్రం. పడిన కాస్త మంచు కూడా కరిగి నీరయ్యే లోపే చాలావరకు ఆవిరైపోతుంది. మంచు మీద చిన్న గుంట పడితే ఎండ అందులోనే చిక్కుకుని దాన్ని మరింత లోతు చేస్తుంది. అంచులు మాత్రం కత్తులు నాటినట్టు నిటారుగా మిగులుతాయి. వీటిని పెనితెంతెస్ అంటారు. 1835లో ఆండీస్ దాటిన చార్లెస్ డార్విన్ ఈ మంచు స్తంభాల గురించి రాశాడు. కొన్నిచోట్ల ఇవి మనిషిని మించి పెరుగుతాయి. వాటి సందుల్లోంచి వీపున బరువుతో నడవడానికి గంటలకు గంటలు పడుతుంది. దీనికి తోడు ఎదురుగాలి, తాగునీటి కొరత. ఈ కొండ పెట్టే అసలు పరీక్ష ఇదే.

ఈ ప్రాంతంలో పర్వతారోహణకు బాట వేసినవారిలో పోలాండ్ దేశస్థులు ముఖ్యులు. 1934లో ఆండీస్‌లోని అకొంకాగువా శిఖరాన్ని కొత్త మార్గంలో ఎక్కిన పోలిష్ దళం నడిచిన హిమానీనదానికి ఇప్పటికీ వారి దేశం పేరే ఉంది. 1937లో వచ్చిన రెండో దళం ట్రెస్ క్రూసెస్‌ను అధిరోహించింది. ఆ యాత్రలోనే యాన్ షెపాన్‌స్కీ, యుస్టిన్ వొయిష్నిస్ ఫిబ్రవరి 26న పొరుగున ఉన్న ఓహోస్ దెల్ సలాదో శిఖరం చేరారు. 6,893 మీటర్ల ఆ శిఖరం ప్రపంచంలోకెల్లా ఎత్తైన అగ్నిపర్వతం.

మస్తాన్ బాబు 1974 సెప్టెంబరు 3న పుట్టారు. విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివారు. ఆ బడి పూర్వ విద్యార్థి లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు 1985లో ఎవరెస్ట్ యాత్రలో మరణించారు. ఆయన స్ఫూర్తే మస్తాన్ బాబును కొండల వైపు నడిపించింది. జంషెడ్‌పూర్‌లో ఇంజినీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్, కోల్‌కతా ఐఐఎంలో మేనేజ్‌మెంట్ చదివారు. 2006 జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్ శిఖరంతో మొదలుపెట్టి, జులై 10న అలాస్కాలోని దెనాలితో ముగించి, 172 రోజుల్లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలు ఎక్కారు. మే 21న ఎవరెస్ట్ చేరారు. ఆ ఘనతే ఎక్కువగా గుర్తుండిపోయింది. అయితే ఆయన సాహసానికి పెద్ద కొలమానం ఆండీస్ యాత్రలే అనిపిస్తుంది. ఎవరెస్ట్ దారిలో తాళ్లు కట్టి ఉంటాయి, షెర్పాలు తోడుంటారు. ట్రెస్ క్రూసెస్ మీద ఆ ఆసరా ఉండదు.

2015 మార్చి 24న ఆయన ఒంటరిగా శిఖరం వైపు వెళ్లి తిరిగి రాలేదు. దక్షిణార్ధగోళంలో అది శరదృతువు తొలి వారం. సరిగ్గా ఆ రోజుల్లోనే పసిఫిక్ మీంచి వచ్చిన తుపాను వ్యవస్థ అటకామాను ముంచెత్తింది. కొండల నుంచి దిగిన వరద బురద కొపియాపో నగర వీధుల్ని నింపింది. ఏళ్ల తరబడి చుక్క వాన పడని నేలలు నీరు ఇంకించుకోలేకపోయాయి. కింద కుండపోతగా కురిసిన వాన, ఎత్తున మంచు తుపానైంది. రెండు దేశాల బృందాలు హెలికాప్టర్లతో గాలించగా ఏప్రిల్ 3న మస్తాన్ బాబు మృతదేహం కనిపించింది. దాన్ని కిందికి దించడానికి, స్వదేశం చేర్చడానికి మరి కొన్ని వారాలు పట్టింది. ఏప్రిల్ 25న గాంధీజనసంగంలో అంత్యక్రియలు జరిగాయి.