ప్రతికృతి కారు

ప్రతికృతి కారు లేదా రెప్లికా కారు అనగా ఒక ప్రసిద్ధమైన కారు రూపాన్ని అనుకరిస్తూ, అసలు తయారీదారు కాని వ్యక్తి గాని సంస్థ గాని నిర్మించిన కారు. సాధారణంగా అత్యధిక ధర గల, లేదా ఉత్పత్తి ఆగిపోయిన స్పోర్ట్స్ కార్లకు ఇటువంటి ప్రతికృతులు తయారవుతాయి. అసలు కారులోని ఇంజను దొరకదు, దొరికినా దాని ధర అందుబాటులో ఉండదు. అందువలన వేరొక సాధారణ కారు నుండి తీసిన ఇంజనును, గేరుపెట్టెను ఇందులో అమర్చుతారు. ఒక వాహనంలో దానికి ఉద్దేశింపబడని ఇంజనును అమర్చడాన్ని ఇంజను మార్పిడి అంటారు. చూపరులకు బయటి రూపమే ప్రధానంగా కనిపించినప్పటికీ, ప్రతికృతి నిర్మాణంలో శ్రమ, వ్యయం, ప్రమాదం, చట్టపరమైన చిక్కులు చాలావరకు ఇంజనుకు సంబంధించినవే.

సంబంధిత పదాలు

కిట్ కారు: విడిభాగాల రూపంలో అమ్మబడే కారు. కొనుగోలుదారుడు వాటిని తానే కూర్చుకుంటాడు. కిట్ కార్లన్నీ ప్రతికృతులు కావు. స్వంత రూపకల్పన గల కిట్ కార్లు కూడా ఉన్నాయి.

దాత కారు: ఇంజను, గేరుపెట్టె, స్టీరింగు, ఇరుసులు మొదలైన భాగాలను ఇచ్చే పాత కారు.

గేరు-ఇరుసు పెట్టె: గేరుపెట్టె, డిఫరెన్షియల్ ఒకే తొడుగులో ఉండే భాగం. దీనిని ట్రాన్సాక్సిల్ అంటారు. ఇంజను వెనుక భాగంలో ఉండే కార్లలో ఇది సాధారణంగా కనిపిస్తుంది.

చరిత్ర

కారును విడిభాగాలుగా కొని ఇంటివద్ద కూర్చుకొనే అలవాటు రెండవ ప్రపంచ యుద్ధం తరువాత బ్రిటనులో బాగా వ్యాపించింది. పూర్తిగా తయారైన కారుపై అక్కడ కొనుగోలు పన్ను ఉండేది, విడిభాగాలపై ఉండేది కాదు. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ ఈ విధంగానే ప్రజాదరణ పొందింది. 1973లో బ్రిటనులో విలువ ఆధారిత పన్ను అమలులోకి రావడంతో ఈ వెసులుబాటు తొలగిపోయింది. అమెరికాలో 1964లో బ్రూస్ మేయర్స్ రూపొందించిన మేయర్స్ మాంక్స్ అనే ఇసుకతిన్నెల బండికి ఫోక్స్‌వాగన్ బీటిల్ భాగాలు, ఫైబర్‌గ్లాసు తొడుగు వాడబడినాయి. ఫైబర్‌గ్లాసుతో చిన్న కర్మాగారంలో కూడా కారు తొడుగును తయారు చేయవచ్చునని ఇటువంటి బండ్లు నిరూపించాయి.

ప్రపంచంలో అత్యధికంగా అనుకరించబడిన కార్లలో ఏసీ కోబ్రా ఒకటి. విశేషమేమంటే ఈ కారు పుట్టుకే ఒక ఇంజను మార్పిడి. బ్రిటనుకు చెందిన ఏసీ సంస్థ తన ఏస్ కారులో వాడుతున్న ఆరు సిలిండర్ల బ్రిస్టల్ ఇంజను సరఫరా ఆగిపోనుండగా, అమెరికా పందెపు డ్రైవరు కరోల్ షెల్బీ 1962లో అదే కారులో ఫోర్డ్ వి-8 ఇంజనును పెట్టించాడు. మొదటి ఇంజను పరిమాణం సుమారు 4.2 లీటర్లు. తరువాత 7 లీటర్ల ఇంజనును అమర్చదలచినప్పుడు పాత చట్రం సరిపోలేదు. లావైన గొట్టాలతో, కొత్త సస్పెన్షనుతో చట్రాన్ని తిరిగి రూపొందించవలసి వచ్చింది. ఇంజను మారితే కారంతా మారవలసి ఉంటుందనడానికి ఇది మంచి ఉదాహరణ. అసలు కోబ్రాలు సుమారు వేయి మాత్రమే తయారైనాయి. వాటి ప్రతికృతులు అంతకు ఎన్నో రెట్లు ఉన్నాయి.

1984లో అమెరికా టెలివిజనులో మొదలైన మయామీ వైస్ ధారావాహికలో కథానాయకుడు నడిపిన నల్లని ఫెరారీ డేటోనా కూడా ప్రతికృతియే. దాని కింద ఉన్నది షెవర్లే కార్వెట్. ఇందుకు ఫెరారీ సంస్థ అభ్యంతరం తెలిపింది. ఆ పిమ్మట కథలో ఆ కారు పేల్చివేయబడినది, దాని స్థానంలో అసలైన ఫెరారీ టెస్టారోసా వచ్చింది. అదే కాలంలో, 1984 నుండి 1988 వరకు తయారైన పాంటియాక్ ఫియెరో చాలామందికి దాత కారు అయింది. సీట్ల వెనుక ఇంజను ఉండడం, ఉక్కు చట్రానికి బిగించిన ప్లాస్టిక్ పలకలను సులభంగా విప్పగలగడం ఇందుకు కారణాలు.

నిర్మాణం

తొడుగు, చట్రం

బయటి తొడుగును సాధారణంగా ఫైబర్‌గ్లాసుతో తయారు చేస్తారు. అచ్చు లోపలి వైపు మొదట జెల్‌కోటు పూసి, దానిపై గాజుపీచు పరచి రెజిన్‌తో తడిపి గట్టిపడనిస్తారు. ఈ తొడుగు రూపాన్ని ఇస్తుందే గాని బరువును మోయదు. ఇంజను బరువును, రోడ్డు కుదుపులను, ప్రమాద సమయంలో తగిలే దెబ్బను భరించేది కింద ఉన్న ఉక్కు గొట్టాల చట్రమే. కావున అతుకులు నాణ్యంగా ఉండడం అత్యవసరం. అందమైన తొడుగు కింద బలహీనమైన అతుకులు ఉన్నప్పటికీ బయటికి కనిపించవు.

ఇంజను మార్పిడి

ఇంజను మార్పిడిలో ప్రధానంగా ఈ క్రింది సమస్యలు ఎదురవుతాయి.

1. జత కలపడం: ఒక సంస్థ ఇంజనుకు మరొక సంస్థ గేరుపెట్టె నేరుగా సరిపోదు. బోల్టు రంధ్రాల స్థానాలు వేరుగా ఉంటాయి. వీటి మధ్య ఒక జోడింపు పలకను తయారు చేయించవలెను. ఇంజను ఇరుసు, గేరుపెట్టె ఇరుసు ఒకే సరళరేఖలో ఉండవలెను. మిల్లీమీటరులో పదోవంతుల లెక్కలో తేడా వచ్చినా క్లచ్చు, బేరింగులు త్వరగా అరిగిపోతాయి.

2. తిరిగే దిశ: ఇంజనును, గేరు-ఇరుసు పెట్టెను దాత కారులో ఉన్న దిశకు వ్యతిరేకంగా తిప్పి బిగిస్తే చక్రాలు కూడా వ్యతిరేక దిశలో తిరుగుతాయి. అప్పుడు కారుకు ముందుకు పోవడానికి ఒకే గేరు, వెనుకకు పోవడానికి నాలుగైదు గేర్లు ఉంటాయి. దీనిని నివారించడానికి డిఫరెన్షియల్‌లోని పెద్ద పళ్ళచక్రాన్ని రెండవ వైపునకు మార్చుతారు. అన్ని పెట్టెలలో ఇది సాధ్యం కాదు. కావున కొనుటకు ముందే పరిశీలించుకోవలెను.

3. స్థలం: 1974 నుండి 1990 వరకు తయారైన లాంబోర్గిని కౌంటాష్‌లో గేరుపెట్టె ఇంజనుకు ముందు, రెండు సీట్ల మధ్య ఉంటుంది. అక్కడినుండి శక్తి ఇంజను అడుగున ఉన్న నూనెతొట్టి గుండా సాగే ఇరుసు ద్వారా వెనుక చక్రాలకు చేరుతుంది. ప్రతికృతులలో ఈ అమరిక సాధారణంగా ఉండదు. ఒక వి-8 ఇంజనును పెట్టి, దాని వెనుక గేరు-ఇరుసు పెట్టెను బిగిస్తారు. అందువలన బరువు పంపిణీ అసలు కారుకు భిన్నంగా ఉంటుంది.

4. చల్లదనం: ఇంజను వెనుక, రేడియేటరు ముందు ఉన్నప్పుడు నీరు పొడవైన గొట్టాలలో ప్రవహించవలెను. గొట్టాలలో గాలి చిక్కుకుంటే ఇంజను అతిగా వేడెక్కుతుంది.

5. విద్యుత్ తీగలు: ఆధునిక ఇంజనును ఒక చిన్న కంప్యూటరు నియంత్రిస్తుంది. ఇంజనుతో పాటు ఆ కంప్యూటరు, తీగల కట్ట, సెన్సర్లు, తాళంచెవిని గుర్తించే పరికరం కూడా అదే దాత కారు నుండి తీసుకొనడం మేలు. వీటిలో ఒక్కటి లేకపోయినా ఇంజను మొదలు కాకపోవచ్చును.

బ్రేకులు

వేగం రెట్టింపైతే గతిజశక్తి నాలుగు రెట్లవుతుంది. గంటకు 100 కి.మీ. వేగాన్ని దృష్టిలో ఉంచుకొని అమర్చిన బ్రేకులు 200 కి.మీ. వేగంలో నాలుగు రెట్ల శక్తిని వేడిగా మార్చవలసి ఉంటుంది. ఎక్కువ శక్తి గల ఇంజనును పెట్టి, దాత కారు బ్రేకులనే ఉంచడం ఇంటి నిర్మాణాలలో అత్యంత ప్రమాదకరమైన పొరపాటు.

చట్టపరమైన అంశాలు

రూపంపై హక్కు

కారు పేరు, గుర్తు మాత్రమే కాక దాని ప్రత్యేకమైన ఆకారం కూడా తయారీదారు హక్కుగా గుర్తింపబడవచ్చును. డేటోనా స్పైడర్, టెస్టారోసా కార్లను పోలిన ఫైబర్‌గ్లాసు కిట్లను అమ్మిన ఒక తయారీదారుపై ఫెరారీ వేసిన దావాలో అమెరికా ఆరవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం 1991లో ఫెరారీకి అనుకూలంగా తీర్పు చెప్పింది. కొనేవానికి అది నకలని తెలిసినా, రోడ్డుపై చూసేవారు అసలుదని భ్రమపడే అవకాశం ఉన్నదని న్యాయస్థానం భావించింది.

ఇతర దేశాలలో

బ్రిటనులో ఇంటివద్ద నిర్మించిన కారును ప్రభుత్వ పరీక్షకు తీసుకువెళ్ళి విడి వాహన ఆమోదం పొందితే రిజిస్ట్రేషను లభిస్తుంది. వయసు నిర్ధారించలేని వాహనాలకు క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరు ఇస్తారు. అమెరికాలో 2015లో చేసిన చట్టం ప్రకారం చిన్న తయారీదారులు కనీసం 25 సంవత్సరాల క్రితపు కార్లను పోలిన ప్రతికృతులను సంవత్సరానికి 325 వరకు అమ్మవచ్చును. ఇందుకు సంబంధించిన నియమాలు తరువాత వెలువడినాయి.

భారతదేశంలో

భారతదేశంలో పరిస్థితి భిన్నంగా ఉన్నది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యే విధంగా యజమాని వాహనాన్ని మార్చరాదు. సి.ఎన్.జి., ఎల్.పి.జి., బ్యాటరీ వంటి ఇంధనాలకు మార్చే ఆమోదిత కిట్లకు షరతులతో మినహాయింపు కలదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షనును వివరిస్తూ, తయారీదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులు చెల్లవని తీర్పునిచ్చింది. అదే సంవత్సరం చట్టానికి చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, ప్రతి మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చును.

పాత కారును మార్చక, పూర్తిగా కొత్త కారుగా నిర్మించినా చిక్కు తీరదు. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 126వ నియమం ప్రకారం ప్రతి నమూనా పుణెలోని ఏ.ఆర్.ఏ.ఐ. వంటి గుర్తింపు పొందిన సంస్థలో పరీక్ష నెగ్గవలెను. పైగా రిజిస్ట్రేషనుకు అమ్మకపు ధ్రువపత్రం (ఫారం 21), తయారీదారు ఇచ్చే రోడ్డు యోగ్యతా పత్రం (ఫారం 22) అవసరం. పెద్ద సంస్థలకు సాధ్యమయ్యే ఈ పరీక్షల వ్యయం ఒక్క కారు నిర్మించేవారికి తలకు మించిన భారం. ఈ కారణాలచే మన దేశంలో ఇంటివద్ద నిర్మించిన ప్రతికృతి ఎంత చక్కగా నడిచినా, సాధారణంగా రహదారిపైకి రాలేదు.

సంస్థలు మాత్రం ఇతరుల ఇంజనుతో స్పోర్ట్స్ కార్లను చట్టబద్ధంగా తయారు చేసిన సందర్భాలు ఉన్నాయి. గోవాలో తయారైన శాన్ స్టార్మ్‌లో రెనో ఇంజను, ఫైబర్‌గ్లాసు తొడుగు ఉండేవి. 2012లో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో ప్రదర్శింపబడిన డీసీ అవంతిలో సీట్ల వెనుక 2 లీటర్ల రెనో టర్బో ఇంజను అమర్చబడినది. ఇవి ప్రతికృతులు కావు, స్వంత రూపకల్పనలు.

హైదరాబాదులో

హైదరాబాదులో 1935లో నిర్మితమైన మొజంజాహీ మార్కెట్‌కు చేరువలో పుత్లీబౌలి, జాంబాగ్ ప్రాంతాలలో మోటారు విడిభాగాల దుకాణాలు ఉన్నాయి. నగరంలో ఎక్కడైనను పాత ఇంజను కొనేవారు దానిపై చెక్కిన సంఖ్యను, అమ్మేవాని బిల్లును, అది ఏ వాహనం నుండి వచ్చిందో తెలిపే పత్రాలను సరిచూసుకోవలెను. దొంగ సొత్తని తెలిసి, లేదా అలా నమ్మడానికి కారణం ఉండి కూడా కొనడం భారతీయ న్యాయ సంహిత, 2023లోని 317వ సెక్షను క్రింద నేరం. చెరిపివేసిన సంఖ్య గల ఇంజను ఎంత చౌకగా దొరికినా తీసుకొనరాదు.

చేతితో కార్లు నిర్మించడంలో నగరానికి పేరు తెచ్చినది బహదూర్‌పురాలో, నెహ్రూ జంతు ప్రదర్శనశాలకు సమీపంలో ఉన్న సుధా కార్ల మ్యూజియం. దీనిని కె. సుధాకర్ 2010లో ప్రారంభించాడు. ఆయన 2005లో నిర్మించి నడిపిన 41 అడుగుల 7 అంగుళాల ఎత్తు గల మూడు చక్రాల సైకిలు గిన్నిస్ రికార్డులలో నమోదైనది. ఈ మ్యూజియంలోని వాహనాలు ఖరీదైన కార్లను గాక నిత్యజీవితంలోని వస్తువులను అనుకరిస్తాయి. క్రికెట్ బంతి, వంకాయ, కెమెరా, బర్గర్, బూటు మొదలైన ఆకారాలలో కార్లు ఇక్కడ ఉన్నాయి. 2020లో కరోనా వ్యాధిపై అవగాహన కొరకు వైరసు ఆకారంలో 100 సి.సి. ఇంజను గల ఆరు చక్రాల కారును నిర్మించాడు. తుక్కు సామాను, చిన్న ఇంజన్లు, కొత్త తొడుగు: పద్ధతి ప్రతికృతి కార్లదే. ప్రదర్శనశాలలో ఉంచడం వలన రోజువారీ రవాణాకు వర్తించే రిజిస్ట్రేషను సమస్య ఇక్కడ ముఖ్యం కాదు.

తెలుగు సినిమా రంగంలో 2024లో విడుదలైన కల్కి 2898 ఏడీ చిత్రం కొరకు నిర్మించిన బుజ్జి అనే వాహనాన్ని కూడా ఈ సందర్భంలో పేర్కొనవచ్చును. మహీంద్రా, కోయంబత్తూరుకు చెందిన జయం ఆటోమోటివ్స్ సంస్థల సహకారంతో తయారైన ఈ వాహనం విద్యుత్ మోటార్లతో నడుస్తుంది. చిత్రకారుడు ఊహించిన ఆకారానికి యంత్రబలాన్ని సమకూర్చడం ఇందులోని పని.

విద్యార్థులకు అవకాశాలు

కారును స్వయంగా నిర్మించి నేర్చుకోదలచిన ఇంజనీరింగు విద్యార్థులకు చట్టబద్ధమైన మార్గం కళాశాల పోటీలు. 2007లో మొదలైన బాహా ఎస్.ఏ.ఇ. ఇండియా, సుప్రా, ఫార్ములా భారత్ పోటీలలో విద్యార్థులు చట్రాన్ని స్వయంగా రూపొందించి, వేరే సంస్థ ఇంజనును అందులో అమర్చి, నిపుణుల భద్రతా తనిఖీ నెగ్గిన తరువాతనే మూసివున్న మైదానంలో నడుపుతారు. జోడింపు, చల్లదనం, బ్రేకులు, బరువు పంపిణీ వంటి సమస్యలన్నీ ఇక్కడ కూడా ఎదురవుతాయి. తేడా ఒక్కటే: అతుకు సరిగా లేదని చెప్పే తనిఖీదారుడు బండి కదలకముందే ఉంటాడు.

ఇవి కూడా చూడండి

మోటారు కారు
అంతర్దహన యంత్రం
మోటారు వాహనాల చట్టం
మొజంజాహీ మార్కెట్
సుధా కార్ల మ్యూజియం