బొమ్మకి బొమ్మ: ఈ ఫొటోల పిచ్చి ఈనాటిది కాదు

వారాంతం రాగానే కెమెరా బ్యాగు భుజాన వేసుకుని అనంతగిరికో హార్స్‌లీ కొండలకో పోవడం, సోమవారం పొద్దున్నే పాతిక మందికి "ఎలా ఉందో చెప్పు గురూ" అంటూ ఫొటోలు పంపడం. మన సాఫ్ట్‌వేరు జనంలో ఈ బాపతు వాళ్ళని చూసి, ఇదంతా డిజిటల్ కెమెరాలు చవకయ్యాక పట్టుకున్న రోగం అనేవాళ్ళు చాలామందే ఉన్నారు. నిజానికి ఈ రోగం వయసు 180 ఏళ్ళు దాటింది. ఇంకో మాట కూడా చెప్పాలి. కొండలూ చెట్లూ చెరువులూ తీసే సరదా పెరిగిందే ఒకరి బొమ్మ ఇంకొకరికి ఇచ్చుకునేవాళ్ళ మధ్య. అలా పెరగడంలో ఒక లైసెన్సు షరతుకి కూడా వాటా ఉంది. జీపీఎల్ గొప్పదా బీఎస్‌డీ గొప్పదా అని కాంటీన్లో కొట్టుకునే మనలాంటి వాళ్ళకి ఈ కథ నచ్చుతుందనే నమ్మకంతో రాస్తున్నా.

1833 అక్టోబరు. ఇటలీలో కోమో సరస్సు ఒడ్డు. విలియం హెన్రీ ఫాక్స్ టాల్బాట్ అనే ఇంగ్లీషాయన ఆ దృశ్యాన్ని బొమ్మ గీద్దామని కూర్చున్నాడు. చేతిలో కెమెరా లూసిడా ఉంది. అది పట్టకం బిగించిన చిన్న పరికరం. అందులోంచి చూస్తే ఎదురుగా ఉన్న కొండ కాగితం మీద పడ్డట్టు కనబడుతుంది, దాని వెంబడి పెన్సిలు పోనిస్తే చాలు. అయినా ఆయనకి రాలేదు పాపం. భార్య చక్కగా గీసేది, ఈయనకి మాత్రం చెయ్యి తిరగలేదు. ఈ దృశ్యం తనంతట తానే కాగితం మీద అచ్చయిపోతే ఎంత బావుణ్ణు అనిపించింది. ఆ అనిపించడమే ఏడెనిమిదేళ్ళ ప్రయోగాల తర్వాత కాలోటైపు అయింది. అంటే లాండ్‌స్కేప్ గీయడం చేతకాని మనిషి చిరాకులోంచి పుట్టిందన్నమాట కాగితం ఫొటోగ్రఫీ :)

అప్పటికే, 1839లో, ఫ్రాన్సులో డగేర్ పద్ధతి వచ్చేసింది. వెండిపూత వేసిన రాగిరేకు మీద అద్భుతమైన బొమ్మ. వివరాల్లో టాల్బాట్ కాగితం దానికి సాటి రాదు. కానీ ఆ రేకు ఒక్కటే ఒక్కటి, ఇంకొకరికి ఇచ్చేస్తే మీ దగ్గర మిగలదు. టాల్బాట్‌ది వేరు. ముందు కాగితం మీద నెగటివు, దాన్నుంచి ఎన్ని కావాలంటే అన్ని ప్రింట్లు. బొమ్మని ఇచ్చేసి కూడా మన దగ్గర ఉంచుకోవచ్చు అనే సంగతి మొదటిసారి సాధ్యమైంది ఇక్కడే.

మరి ఈ లోగా ఎందుకు విస్తరించలేదూ అంటే, 1841లో ఆయన దాని మీద ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నాడు. లైసెన్సు లేకుండా ఎవరూ వాడకూడదు. తమాషా ఏంటంటే ఆ పేటెంటు స్కాట్లండులో చెల్లదు. అక్కడ సెయింట్ ఆండ్రూస్‌లో టాల్బాట్ స్నేహితుడే, భౌతికశాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్, ఈ పద్ధతిని తెలిసినవాళ్ళకి పరిచయం చేశాడు. దాంతో 1843 ప్రాంతంలో ఎడిన్‌బరోలో కొంతమంది మిత్రులు చేరి కాలోటైపు క్లబ్బు అని పెట్టుకున్నారు. ప్రపంచంలో మొదటి ఫొటోగ్రఫీ క్లబ్బు ఇదేనంటారు. సభ్యుల్లో ఎక్కువమంది వకీళ్ళు. పగలు కోర్టు, తీరిక దొరికితే కెమెరా. తీసినవి ఒకరికొకరు చూపించుకోవడం, ప్రింట్లు ఇచ్చిపుచ్చుకోవడం. అలా పోగైన బొమ్మల ఆల్బములు రెండు ఈరోజుకీ ఎడిన్‌బరోలోనే ఉన్నాయి, ఒకటి నగర గ్రంథాలయంలో, రెండోది స్కాట్లండు జాతీయ గ్రంథాలయంలో. రెండింట్లో కలిపి మూడువందల పైచిలుకు చిత్రాలు. ఏ ఒక్కరి పెట్టెలోనో ఉండిపోయుంటే వాటిలో ఎన్ని మిగిలేవో!

ఇంగ్లండులో మాత్రం బిక్కుబిక్కుమంటూ నడిచింది. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అనే శిల్పి గాజుపలక మీద కొలోడియన్ పద్ధతి కనిపెట్టి, పేటెంటు ఊసే లేకుండా పత్రికలో వివరంగా అచ్చువేసేశాడు. కావలసినవాళ్ళు చేసుకోండి అని. మంచి ఫార్ములాని ఉచితంగా ఇచ్చేసినందుకు ఆయనకి దక్కిందేమిటంటే 1857లో పేదరికంలో చావు. టాల్బాట్ ఏమో, అది కూడా నా పేటెంటు కిందికే వస్తుందని వాదించాడు. సొంత డబ్బుతో ఏళ్ళ తరబడి శ్రమపడ్డ మనిషి, తన పనికి ప్రతిఫలం అడిగితే నేను తప్పుపట్టను. కానీ వేరేవాడు కనిపెట్టి ఊరికే ఇచ్చినదాని మీద కూడా చెయ్యి వేయబోవడం మాత్రం నాకు మింగుడు పడదు. 1854 డిసెంబరులో కోర్టు కూడా ఆ వాదన ఒప్పుకోలేదు.

అయితే అంతకన్నా ముందే, 1852 ఆగస్టులో, రాయల్ సొసైటీ అధ్యక్షుడూ రాయల్ అకాడమీ అధ్యక్షుడూ కలిసి టాల్బాట్‌కి ఒక ఉత్తరం రాశారు. మీ పేటెంటు వల్ల కళ ముందుకు సాగడం లేదు, కాస్త సడలించండి అని. ఆ ఉత్తరమూ దానికి ఆయన జవాబూ టైమ్స్ పత్రికలో వచ్చాయి. సరే, అందరూ వాడుకోండి, డబ్బుకి మనుషుల పోర్ట్రెయిట్లు తీసిపెట్టే వ్యాపారం మాత్రం నాకే ఉంచుతాను అన్నాడు. మన భాషలో చెప్పాలంటే నాన్-కమర్షియల్ లైసెన్సు!

ఈ ఒక్క మినహాయింపు ఏం చేసిందో చూడండి. డబ్బంతా మొహాల్లో ఉంది, అది మూసేశాడు. డబ్బు రానివి ఏవి? చెట్లు, పాడుబడ్డ మఠాలు, పొలాలు, వాగులు. అవి తెరిచేశాడు. పైగా ఎండలో కూడా నిమిషాల తరబడి లెన్సు తెరిచి ఉంచాల్సిన రోజులాయె, కదలకుండా కూర్చునేవి చెట్లూ గోడలే కదా. 1852 డిసెంబరులో లండన్ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్‌లో పూర్తిగా ఫొటోలతోనే ప్రదర్శన జరిగింది. 1853 జనవరిలో ఫొటోగ్రాఫిక్ సొసైటీ పుట్టింది. ఇప్పటి రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ అదే.

ఆ ప్రదర్శనలో బొమ్మలు పెట్టినవాళ్ళలో నాకు బాగా ఇష్టమైన మనిషి బెంజమిన్ బ్రెక్నెల్ టర్నర్. లండన్‌లో కొవ్వొత్తులూ సబ్బులూ చేసే కుటుంబ వ్యాపారం ఆయనది. కొవ్వు కరిగించే వాసనల మధ్య పని. వీలు చిక్కినప్పుడల్లా బ్రెడికాట్ అనే పల్లెలో అత్తవారి పొలానికి పోయి, ఓక్ చెట్లనీ గడ్డివాముల్నీ కొట్టాల్నీ తీసేవాడు. కాగితం నెగటివు దాదాపు 30 సెంటీమీటర్లు బై 40. ఒక్కో బొమ్మకి అరగంట దాకా వెలుతురు పట్టాలి. అరగంటలో గాలి రెండుసార్లు వీస్తే ఆకులన్నీ అలుక్కుపోతాయి. 1852లో హాక్‌హర్స్ట్ చర్చిని, దాని ముందున్న చెరువులో ప్రతిబింబంతో సహా తీశాడు. చూసి తీరాల్సిన బొమ్మ అది. ఆయన 60 చిత్రాల ఆల్బము లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. మనలో ఎవరికైనా ఉద్యోగంతో తీరిక ఉండట్లేదు అనిపిస్తే ఈయన్ని తలుచుకోవచ్చు. అత్తవారికి పొలం ఉండటం, మనిషికి డబ్బుకి లోటు లేకపోవడం కూడా కలిసొచ్చాయనుకోండి, అది వేరే సంగతి.

పంచుకోవడానికి పద్ధతులు కూడా ఏర్పడ్డాయి. సొసైటీలో కొందరు ఎక్స్‌ఛేంజి క్లబ్బుగా ఏర్పడి 1855కి ఒక ఆల్బము తయారుచేశారు, 44 చిత్రాలతో. ప్రతి సభ్యుడూ తన నెగటివు నుంచి మిగతా అందరికీ సరిపడా ప్రింట్లు స్వయంగా వేయాలి. బొమ్మకి బొమ్మ. ఊరికే చూసిపోతానంటే కుదరదు. ఇదే ఏడాది సొసైటీని ఇంకో భయం పట్టుకుంది. ప్రింట్లు పసుపెక్కి వెలిసిపోతున్నాయి. కారణం తేల్చడానికి ఏకంగా ఒక కమిటీ వేశారు. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ దానికి 50 పౌండ్లు ఇచ్చాడు. బొమ్మ నాలుగు చోట్ల ఉంటే ఎక్కడో ఒకచోట బతుకుతుంది అనేది బ్యాకప్ అనే మాట పుట్టకముందే వాళ్ళకి అనుభవంలోకి వచ్చింది.

సముద్రం అవతల న్యూయార్కులో 1861లో ఇలాంటిదే అమెచ్యూర్ ఫొటోగ్రాఫిక్ ఎక్స్‌ఛేంజి క్లబ్బు మొదలైంది. సభ్యులు ఇరవై మందికి మించకూడదు. రెణ్ణెల్లకోసారి ప్రతివాడూ మిగతా ప్రతివాడికీ ఒక స్టీరియో కార్డు పంపాలి. సభ్యుల్లో ఫిలడెల్ఫియా మెకానికల్ ఇంజనీరు కోల్‌మన్ సెల్లర్స్ ఒకాయన (ఇంజనీర్లు ఎక్కడైనా ఉంటాం). అంతర్యుద్ధం మధ్యలో, 1863 నాటికి అది ఆగిపోయింది.

ఇంతకీ లండన్ సొసైటీ మొదటి సభ్యుల్లో ఒకాయనకి మనతో సంబంధం ఉంది. లినియస్ ట్రైప్, ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో అధికారి. సెలవు మీద ఇంగ్లండు వెళ్ళినప్పుడు ఈ విద్య పట్టుబడింది. తిరిగొచ్చి 1854 చివర్లో హళేబీడు, బేలూరు ఆలయాలు సొంత సరదాకి తీశాడు. 1855 మద్రాసు ఎగ్జిబిషన్లో 68 చిత్రాలు పెడితే పతకం వచ్చింది. మరుసటి ఏడు డాక్టర్ అలెగ్జాండర్ హంటర్ చొరవతో మద్రాసు ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడింది. ఆ రోజుల్లో అందరినీ ఏడిపించిన సమస్య ఆకాశం. నెగటివుకి నీలిరంగు మహా చురుగ్గా తగిలేది, దాంతో ప్రింటులో ఆకాశం వట్టి తెల్ల కాగితంలా మిగిలేది. ట్రైప్ నెగటివు మీదే కుంచెతో మబ్బులు పెట్టేవాడు. ఫొటోషాప్‌లో మబ్బులు అతికిస్తే అది మోసం అనే మిత్రులకి ఈ ముక్క వినిపించండి.

సరదా ఉద్యోగమైంది. 1857లో ఆయన మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫరు. శ్రీరంగం, తంజావూరు, మధుర తిరిగాడు. తంజావూరు పెద్దగుడి పునాది గోడ మీది శాసనాన్ని వరసగా తీసి, 21 ప్రింట్లు అతికించి ఆరు మీటర్లకి దగ్గర పడే పనోరమా చేశాడు. 1858లో మద్రాసు మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాలని తీశాడు, వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించినవి. మరుసటి ఏడు, 1859లో, ఆ శిల్పాలు లండన్‌కి ఓడెక్కాయి. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అవి మన వైపు నేల మీద ఉండగా ఎలా ఉన్నాయో తెలియడానికి ట్రైప్ ప్రింట్లున్నాయి.

అదే 1859లో కొత్త గవర్నరు చార్లెస్ ట్రెవెలియన్ వచ్చి, ఇదంతా దండగ ఖర్చు, విలాసం అని లెక్కగట్టి ఆ శాఖ మూసేయించాడు. ట్రైప్ ఆ తర్వాత 1870 ప్రాంతంలో బర్మాలో తీసిన కొన్ని తప్ప కెమెరా పెద్దగా పట్టుకోలేదు. రిటైరై ఇంగ్లండు వెళ్ళాక గవ్వలూ పగడాలూ పోగుచేస్తూ గడిపి, 1902లో పోయాడు.