ఎలుగుబంటి మీద కోపం, జింకపిల్ల మీద ప్రేమ

ఎపిసోడ్‌లో టైం చాలక వదిలేసిన ముచ్చట ఇది: ‘ది ఇయర్లింగ్’ అనే అమెరికా నవలలో జంతువుల సంగతి.

రాసినావిడ మార్జరీ కినన్ రాలింగ్స్. 1928లో ఫ్లోరిడాలోని క్రాస్ క్రీక్‌లో నారింజ తోట కొనుక్కుని, అడవి పక్క పేదవాళ్ల మధ్య బతికింది. నవల 1938లో వచ్చింది, 1939లో పులిట్జర్ బహుమతి అందుకుంది. కథ మాత్రం అంతర్యుద్ధం అయిపోయిన కొన్నేళ్ల తర్వాతది. అప్పుడు ఆ అడవిలో మొక్కజొన్న పండితేనే ఏడాది తిండి.

తండ్రి పెన్నీ, తల్లి ఓరా, కొడుకు జోడీ. వాడికి ముందు పుట్టిన పిల్లలంతా చనిపోయారు. అందుకే తల్లి మాట కటువు. ప్రేమ లేక కాదు, మళ్లీ మనసు పెట్టుకుని మళ్లీ పోగొట్టుకునే ధైర్యం లేక.

స్లూఫుట్ అనే ముసలి ఎలుగుబంటి వాళ్ల పందిని చంపేస్తుంది. దాని మీద కోపం బయటికి చూపించొచ్చు, తుపాకీ పట్టుకుని తరమొచ్చు. జింకపిల్ల అలా కాదు. పెన్నీని పాము కరిస్తే, విషం లాగడానికి కాలేయం కావాలని తల్లి జింకని కాలుస్తాడు. ఆ రుణం తీర్చుకున్నట్టు జోడీ దాని పిల్లని తెచ్చి, ఫ్లాగ్ అని పిలుచుకుంటూ పెంచుతాడు. ఇంట్లో దొరకని ముద్దూ మురిపెం దాని దగ్గర దొరుకుతుంది.

ఫ్లాగ్ పెరిగి కంచె దూకి మొక్కజొన్న మొలకలు తినేస్తుంది. మళ్లీ విత్తితే మళ్లీ తింటుంది. చంపమంటాడు తండ్రి. జోడీకి చేతులు రావు. తల్లి కాలిస్తే గురి తప్పి గాయమే అవుతుంది. చివరికి ప్రాణం తీయాల్సింది జోడీనే. ఇయర్లింగ్ అంటే ఏడాది వయసు జంతుపిల్ల. ఆ పేరు జింకకే కాదు, జోడీకీ సరిపోతుంది.

జోడీ ఇల్లు వదిలి పారిపోతాడు. ఆకలి తెలిశాకే మొక్కజొన్న విలువ తెలుస్తుంది. తిరిగొచ్చాక తండ్రి మనసు విప్పి, బతుకు కష్టాన్ని తోటి మగాడికి చెప్పినట్టు చెప్తాడు.

మనం ఫోన్‌లో ఇంటికి చెప్పేది మూడే మాటలు: బాగున్నా, తిన్నా, డబ్బులు పంపినా. మన కష్టం పిల్లలకి తెలియదు, మన మౌనమే కోపంలా వినిపిస్తది. పెన్నీ చివర్లో చెప్పిన మాటలు జింక పోకముందే చెప్పుంటే, మొక్కజొన్న దక్కేది కాదు గానీ పిల్లాడు గడప దాటేవాడు కాదని నాకనిపిస్తది.