తగరం అంటిన చోట

"బిందెలకు మాట్లేస్తాం, గిన్నెలకు కళాయి పూస్తాం" అన్న కేక వీధిలో వినపడిందంటే ఆ పూట ఇంట్లోని ఇత్తడి సామానంతా అరుగు మీదికి చేరేది. కళాయి సాయిబు చెట్టు కింద చిన్న గుంట తవ్వి, బొగ్గులు పోసి, తోలు తిత్తితో ఊదేవాడు. గిన్నె బాగా కాలాక నవాసాగరం చల్లితే తెల్లటి పొగ గుప్పుమనేది. వెంటనే తగరం ముక్కను అడుగున తాకించి, దూదితో గిరగిరా తిప్పేవాడు. పచ్చటి ఇత్తడి చూస్తుండగానే వెండిలా మెరిసేది. ఆ పూత లేని గిన్నెలో చింతపండు పులుసు కాస్తే చిలుమెక్కుతుంది. అందుకే ఏ ఇంటివాళ్లైనా అతని రాక కోసం చూసేవాళ్లు.

ఇందులో పెద్ద కిటుకే ఉంది. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, ఇత్తడి కరగాలంటే 900 దాటాలి. అతికించే లోహం ముందు కరుగుతుంది కాబట్టి గిన్నెకు దెబ్బ తగలదు. నవాసాగరం పని మరొకటి. అది లోహం మీది చిలుమును తినేస్తుంది, అప్పుడే తగరం అంటుకుంటుంది. ఇళ్లలో చిన్నచిన్న మరమ్మతుల చరిత్ర చాలావరకు ఈ రెండు సూత్రాల మీదే నడిచిందని నా నమ్మకం.

1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తయారుచేసిన తుప్పుపట్టని ఉక్కు, కొన్ని దశాబ్దాల తర్వాత స్టీలు సామానుగా మన వంటిళ్లలోకి వచ్చింది. దానికి కళాయి అక్కర్లేదు. సాయిబు కేక వీధుల్లో తగ్గిపోయింది.

తగరం మాత్రం ఇల్లు వదల్లేదు, కరెంటుతో పాటు మళ్లీ వచ్చింది. హుస్సేన్ సాగర్ ఒడ్డున 1920లో విద్యుత్ కేంద్రం వెలసింది. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు ఏర్పడ్డాక స్తంభాలు ఊరూరికీ పాకాయి. పింగాణీ ఫ్యూజులో చుట్టే సన్నతీగ తగరం పూసిన రాగిదే. ఫ్యూజు పోతే కొవ్వొత్తి పట్టుకుని, మెయిను కట్టేసి, కొత్త తీగ చుట్టడం ఇంటి మగపిల్లలకు తొలి విద్య. ఆడపిల్లలకు నేర్పకపోవడం అన్యాయమే. తీగ దొరకనప్పుడు పాత వైరులోంచి నాలుగు పోగులు లాగి చుట్టేవాళ్లు. అది మరమ్మతు కాదు, ప్రమాదం. లావు తీగ చుడితే ఫ్యూజు కాలదు, గోడలోని వైరు కాలుతుంది.

రాగికి కొరత వచ్చిన కాలంలో ఇళ్ల వైరింగుకు అల్యూమినియం వాడారు. దాని మీద చిలుము పొర గీకినా క్షణంలో మళ్లీ కడుతుంది, తగరం పట్టదు. స్క్రూ కింద బిగించినా కొన్నాళ్లకు నలిగి వదులవుతుంది. స్విచ్చి దగ్గర చిటపటలాడే ఇళ్లు అందరూ చూసినవే.

తగరానికి మరో చోటు రేడియోతో దొరికింది. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది. రేడియోలు పెరిగేకొద్దీ ఊళ్లో రేడియో మెకానిక్ కొట్టు కూడా వెలిసింది. అక్కడ సాల్డరింగ్ కడ్డీ ఉండేది. తగరంలో సీసాన్ని సరైన పాళ్లలో కలిపితే 183 డిగ్రీలకే కరుగుతుంది. చిలుము పోగొట్టడానికి ఫ్లక్స్. కడ్డీ మొన నల్లబడితే రుద్దడానికి నవాసాగరం బిళ్ల. కొలిమి పోయి కడ్డీ వచ్చింది గానీ విద్య కళాయి సాయిబుదే. సీసం విషమని యూరప్ 2006లో ఎలక్ట్రానిక్ వస్తువుల్లో దాన్ని కట్టడి చేశాక, సాల్డరులో తగరం వాటా ఇంకా పెరిగింది.

మరమ్మతుకు అసలు దెబ్బ జిగురు వల్ల, విప్పలేని అతుకుల వల్ల వచ్చింది. మాటు వేడికి విడుతుంది, స్క్రూ తిప్పితే ఊడుతుంది. ఇప్పటి చార్జరు డబ్బా అంచులను కరిగించి మూసేస్తారు, తెరవాలంటే పగలగొట్టాల్సిందే. ఫోను బ్యాటరీనీ అంటించేస్తున్నారు. ఫ్రాన్స్ 2021 నుంచి కొన్ని వస్తువుల మీద మరమ్మతు మార్కులు వేయిస్తోంది. మన ప్రభుత్వం 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. వాడేవాళ్లే బ్యాటరీ మార్చుకునేలా వస్తువులు చేయాలన్న యూరప్ నిబంధన 2027 ఫిబ్రవరిలో అమలుకు వస్తుంది. మార్కులూ పోర్టలూ సమాచారం ఇస్తే చాలదు, తయారీలోనే స్క్రూ తిరిగి రావాలని నేను గట్టిగా కోరుకుంటాను.

మొన్న మా అమ్మాయి ఇయర్‌ఫోను వైరు మెడ దగ్గర తెగింది. వైర్లు ఎక్కువగా తెగేది అక్కడే, వంగీ వంగీ లోపలి పోగులు విరుగుతాయి. పైతొడుగు ఒలిస్తే వెంట్రుకల్లాంటి తీగలు, ఒకటి ఎర్రగా, ఒకటి పచ్చగా. ఆ రంగు పూతే కరెంటును ఆపుతుంది, దాన్ని కాల్చనిదే తగరం పట్టదు. ముందుగా స్లీవు తొడిగించి, కడ్డీ మొనతో పూత కాల్పించాను. పొగ సన్నగా లేచింది. తగరం బొట్టు రెండు క్షణాలు ముద్దలా నిలబడి, తర్వాత పోగుల్లోకి జారి మెరిసింది. "పట్టింది నాన్నా" అంది.