యూలాన్‌పెన్: పేరులోనే అన్నం గిన్నె

చాంద్రమానం ఏడో నెల పౌర్ణమికి చైనీయులు గతించినవారిని తలచి అన్నం పెడతారు. ఆ పండుగకు బౌద్ధులు పెట్టుకున్న పేరు యూలాన్‌పెన్. 7వ శతాబ్దపు భిక్షువు షువాన్‌యింగ్ దీన్ని సంస్కృత ‘ఉల్లంబన’ అన్నాడు: తలకిందులుగా వేలాడటం, ప్రేతల యాతన. జపాన్ పండితుడు కరాషిమా సైషి మరో దారి చూపాడు: ‘యూలాన్’ అంటే ఓదనం, అన్నం; ‘పెన్’ అంటే గిన్నె. మన దద్దోజనంలో, అంటే దధ్యోదనంలో, ఉన్న ఓదనమే! నాకు ఇదే సబబనిపిస్తుంది. పండుగ కథ నడిచేదే అన్నం చుట్టూ. ప్రేతమై ఆకలితో అలమటిస్తున్న తల్లికి బుద్ధుని శిష్యుడు మౌద్గల్యాయనుడు గిన్నెతో అన్నం అందిస్తే, నోటికి చేరకముందే నిప్పుకణికలైంది. బుద్ధుడు చెప్పినట్టు, వానాకాలపు దీక్ష అయిన వర్షావాసం ముగించిన భిక్షువులందరికీ భోజనం పెట్టాకే ఆమెకు విముక్తి. జపాన్‌లో ఈ పండుగే ‘ఒబోన్’. అక్కడ పేరులో గిన్నె ఒక్కటే మిగిలింది.